అడుగు కనబడని పెట్టె

మూడు ఊళ్ల మనుషులు ఒకే తీరుగా కడుపు పట్టుకుని ఆసుపత్రి వరండాలో వరసగా పడి ఉన్నారనీ, దర్జీవాళ్ల అమ్మ తెల్లారకముందే కన్నుమూసిందనీ, డాక్టరు సహకార దుకాణాల కార్యదర్శిని గోడవారకు పిలిచి గొంతు తగ్గించి ఏదో చెప్పాడనీ కిందటి వారం చూశాం. ఆ మాట విన్నాక ఆమె స్కూటరు తాళం చేతిలోనే పెట్టుకుని సంచి అంతా వెతికింది. ఆసుపత్రిలో రోగుల వాళ్లకు తోడుగా ఉండిపోయిన ఆమె భర్త చెయ్యి పట్టుకుని తాళం చూపిస్తే గానీ తెలియలేదు.

డాక్టరు చెప్పిన మాట ఇది.

"ఈ ఊళ్లకి బావి ఒకటి కాదు, గాలి ఒకటి కాదు. అయినా అందరికీ కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి. నోట్లో చొంగ ఆగట్లేదు. ఇది పురుగుల మందమ్మా, నాకు అనుమానం లేదు. అందరి ఇళ్లలోనూ ఉన్నది ఒక్కటే. మీ కొట్టు పిండి. ఇంక ఒక్కరు కూడా ఆ పిండి ముట్టుకోకూడదు. ఆపించండి. ఎలా ఆపిస్తారో మీ ఇష్టం."

ఎలా ఆపించాలి? నిన్న సాయంత్రం ఇంకా అనుమానంగా ఉన్నప్పుడే ఆమె పదకొండు కొట్లకీ ఫోను చేసింది. పిండి పెట్టెలకు తాళం వెయ్యండి అని చెప్పింది. పెద్ద కొట్టు పెట్టెకు తన చేత్తోనే తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకుంది. కొట్లు నడిపేవాళ్లు ఊ అన్నారు, ఆ అన్నారు, ఒకడైతే నవ్వాడు. ఈ పొద్దున మళ్లీ చేస్తే ఒక్కరూ ఎత్తలేదు. గుట్టమీది కొట్టు నడిపే కూతురు కూడా ఎత్తలేదు. అమ్మ ఫోనంటే మూడో మోత మోగనివ్వని పిల్ల అది.

స్కూటరు గతుకుల్లో ఎగిరెగిరి పడుతున్నా ఆమె తగ్గించలేదు. పెద్ద కొట్టు వీధి మలుపు తిరిగేసరికి జనం కనబడ్డారు.

పిండి పెట్టె కొట్టులో లేదు. వీధి అరుగు మీద ఉంది.

ఆరుగురు మోస్తే గానీ కదలని పెట్టె అది. మనిషి నడుమెత్తు, ఇద్దరు చేతులు చాపినంత పొడుగు. మూతకున్న గొళ్లెం విరిగి వేలాడుతోంది, తాళం పగలగొట్టిన బండరాయి పక్కనే పడుంది. పెట్టె వెనక నిలబడి ఉంది ఆమె అత్తగారు. తెల్లటి జుట్టు, ముడతలు పడ్డ మెడ, ఇంకా వంగని నడుము. చేతిలో ఇత్తడి మానిక. ఆ కొలపాత్ర వల్లే చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆవిణ్ణి మానికమ్మ అంటాయి. అసలు పేరు రేషను వాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు.

"రా అమ్మాయ్, రా. నీ కోసమే చూస్తున్నాం," అంది మానికమ్మ. "తాళం పగిలిందని బాధపడకు. కొత్తది కొట్టులోనే ఉంది. సభ్యులకు తక్కువకే ఇస్తాం."

జనం గొల్లున నవ్వారు. 

కార్యదర్శి స్కూటరుకు స్టాండు కూడా వెయ్యకుండా గోడకు ఆనించి జనంలోంచి తోసుకుంటూ వచ్చింది. "అత్తయ్యా, మూత వెయ్యండి. ముందు మూత వెయ్యండి. చేతులు కడుక్కోండి."

"ముప్పయ్యేళ్లుగా ఇదే చేత్తో పోస్తున్నా. ఇప్పుడు కడుక్కోవాలా?"

ఆ ముప్పయ్యేళ్ల సంగతి ఇక్కడ నాలుగు ముక్కల్లో చెప్పాలి. లేకపోతే ఈ ముసలమ్మ మొండితనం మొండితనంలాగే కనబడుతుంది.

ఇప్పుడు గాజు తలుపులున్న ఈ పెద్ద కొట్టు అప్పట్లో పశువుల పాక. ఊళ్లో ఒక్క షావుకారు. వాడు చెప్పిందే ధర, వాడు తూచిందే తూకం. ఒక ఏడు వరద వచ్చి దారులు తెగిపోతే వాడు కొట్టు తలుపులు మూసి, వెనక గుమ్మంలో రెట్టింపుకు అమ్మాడు. అప్పుడు మానికమ్మ ఇల్లిల్లూ తిరిగింది. మూలధనం అనే మాట ఆవిడకు తెలియదు. ఇంటికో మానిక పిండి తెమ్మంది. ఉన్నవాళ్లు తెల్లటిది తెచ్చారు, లేనివాళ్లు పొట్టు కలిసింది తెచ్చారు. అంతా ఈ పెట్టెలోనే పోసి మోచేతుల దాకా ముంచి కలిపింది. "ఇక ఇందులో ఎవరి పిండి ఏదో దేవుడికి కూడా తెలియదు. ఇదే మన కొట్టు," అంది.

ఆ రోజునుంచి మూడు కట్టుబాట్లు పుట్టాయి. ఎవరూ రాయలేదు, ఎవరూ తప్పలేదు. పెట్టె అడుగు ఎప్పుడూ కనబడకూడదు. అంటే పాతది అయిపోకముందే దానిమీద కొత్తది పొయ్యాలి. ఏ ఊళ్లో కొత్త కొట్టు తెరిచినా దాని పెట్టెలో మొదటి మానిక ఇక్కడినుంచే వెళ్లాలి. ఏ కొట్లోనైనా వారం చివర పిండి మిగిలితే అది తిరిగి ఇక్కడికే రావాలి, ఇందులో కలవాలి, మళ్లీ పంపకం కావాలి. రేవు దగ్గర ఒక కొట్టు, వంతెన దగ్గర ఒకటి, ఇటుకబట్టీల దగ్గర ఒకటి, అలా అలా గుట్ట మీది దాకా పాకింది సంఘం. గోడౌను వచ్చింది, లారీ వచ్చింది, కంప్యూటరు వచ్చింది. చదువుకున్న కోడలు కార్యదర్శి అయింది. మూడు కట్టుబాట్లూ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొట్టు పెట్టిన కొత్తలో షావుకారు ఊరంతా ఒక పుకారు లేపాడు. పాకలో బల్లులు పిండిలో పడుతున్నాయని, ఎవరో పిల్లాడికి వాంతులయ్యాయని. కొట్టుకి మనిషి రావడం మానేశాడు. నాలుగో రోజున మానికమ్మ ఈ పెట్టెను ఇదే వీధిలోకి మోయించి, అందరూ చూస్తుండగా పచ్చిపిండి గుప్పెడు నోట్లో పోసుకుని నీళ్లు తాగింది. సాయంత్రం దాకా పెట్టె మీదే కూచుంది. మర్నాడు షావుకారు కొట్టు ముందు ఈగలు కూడా లేవు. ఆ రోజు చూసినవాళ్లు చూడనివాళ్లకు, వాళ్లు తమ పిల్లలకు ఆ కథ చెప్పుకున్నారు. సంఘం పునాది ఏది అంటే రాళ్లు కాదు, ఆ గుప్పెడు పిండి అనే అంటారు ఇప్పటికీ.

అదిగో, ఈ రోజు మళ్లీ పెట్టె వీధిలోకొచ్చింది.

"దర్జీ వాళ్లమ్మ పోయింది," అంది కార్యదర్శి. "తెల్లవారుజామున. నేనక్కడే ఉన్నాను."

నవ్వులు ఆగాయి. తరవాత జనంలోంచి టీకొట్టు ఆయన అన్నాడు, "పాపం. పెద్దావిడే కదా. ఎనబై దాటుంటాయి."

"పోస్టుమాన్‌కి ఎనబై ఉన్నాయా? అతను కళ్లు తెరవట్లేదు. మంగలి పెళ్లాం నోట్లో నురగ. వాళ్ల చంటిదాని ఒళ్లు చెమటతో తడిసిపోతోంది, ఎన్నిసార్లు తుడిచినా. నేనే తుడిచాను. డాక్టరు చెప్పాడు, పిండిలో పురుగుల మందు కలిసిందని."

"డాక్టరు పిండి చూశాడా?"

"చూడలేదు. పరీక్షకి పంపాం. ఫలితం రావడానికి నాలుగు రోజులు..."

"అంటే చూడలేదు."

"సెక్రటరీ గారూ, ఒక్క మాట," అన్నాడు వెనకనుంచి ఇంకొకడు. "రోడ్డు మీద కొత్తగా పెద్ద బజారు కడుతున్నారు కదా, అద్దాల మేడ. తలుపులు తెరిచేది వచ్చే నెల. సరిగ్గా ఇప్పుడే మన పిండిలో విషం దొరికిందా? షావుకారు పోయినా వాడి బుద్ధి పోలేదు చూడండి."

"అవును, అవును."

"చేతులు కట్టుకుని కూచుంటే మన సంఘాన్ని మింగేస్తారు."

ఆమెకు ఏడుపు రాలేదు. గోడకు తల బాదుకోవాలనిపించింది. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఈ కొట్టు వాళ్లది. తమ ఇంటి పొయ్యిలో విషం ఉందంటే ఎవరు నమ్ముతారు?

ఆమె అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, వీళ్లు నా మాట వినరు. మీ మాట వింటారు. మీరొక్కసారి చెప్పండి, పిండి వాడొద్దని. నాలుగు రోజులు. తప్పయితే నన్ను అందరి ముందూ తిట్టండి, ఈ ఉద్యోగంలోంచి తీసెయ్యండి."

మానికమ్మ కోడలి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. అందుకే కార్యదర్శికి మరింత భయం వేసింది.

"నువ్వు మంచిదానివే అమ్మాయ్. చదువుకున్నదానివి. డాక్టరు చెబితే నీకు వేదం. కానీ ఒకటి చెప్పు. ఈ వారమంతా నేనేం తిన్నాను? ఈ పిండే. నాకేమైనా అయిందా?"

"మీ ఇంట్లో డబ్బాలోది కొత్త సరుకు లారీ రాకముందు తీసింది. ఇది ఆ తరవాత పోసింది."

"పిండికి ముందు, తరవాత ఉంటాయా ఈ పెట్టెలో? ఇందులో అంతా ఒకటే. అందుకే కదా కలిపాం." ఆవిడ జనం వైపు తిరిగి గొంతు పెంచింది. "ఒకసారి మూత వేసుకున్నామంటే మనమే ఒప్పుకున్నట్టు. ఇంక తెరిచినా ఎవరూ రారు. నాకు తెలుసు, ఆ నాలుగు రోజులు నేను చూశాను. ఖాళీ కొట్లో నేనూ పిల్లీ కూచున్నాం. పిల్లి కూడా మూడో రోజున వెళ్లిపోయింది."

మళ్లీ నవ్వులు. ఆవిడ మానికను పెట్టె అంచున పెట్టి కుడిచెయ్యి లోపలికి ముంచింది. గుప్పెడు పిండి పైకి తీసింది. వేళ్ల సందుల్లోంచి సన్నగా రాలుతోంది.

కార్యదర్శి ఆ మణికట్టు పట్టుకుంది. జీవితంలో మొదటిసారి అత్తగారి చెయ్యి పట్టి ఆపింది.

"వదులు."

"వదలను."

"అందరూ చూస్తున్నారు. వదులమ్మా."

"చూడనివ్వండి. నేను వదలను అత్తయ్యా."

"కోడలు చెయ్యిచేసుకుంటోంది రోయ్," అన్నాడెవరో. టీకొట్టు ఆయన ముందుకొచ్చి, "సెక్రటరీ గారూ, పెద్దావిడ, అలా పట్టుకోకండి," అంటూ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఇంకొక ఆడమనిషి ఆమె రెండో చెయ్యి పట్టుకుని లాగింది. వేళ్లు ఒకటొకటిగా జారుతున్నాయి. ముసలి మణికట్టు చెమటకు జారుతోంది. పిండి ఇద్దరి చీరల మీదా పడింది.

"అమ్మా, ఆగు."

ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో ముందు తెలియలేదు. లారీ గోడౌను పక్కన ఆగి ఉంది. దాని ముందు చక్రం దగ్గర గొంతుక్కూచున్న మనిషి లేచాడు. మానికమ్మ చిన్నకొడుకు. సంఘం లారీ తోలేది అతనే. ఊరంతా చిన్నోడు అంటుంది, కణతల దగ్గర జుట్టు నెరుస్తున్నా. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. లారీ హారను అతని కన్నా ఎక్కువ మాట్లాడుతుందని వదినే ఏడిపిస్తుంటుంది.

అతను జనంలోంచి నడుచుకుంటూ వచ్చాడు. ఎవరి ముఖమూ చూడలేదు. తల్లి ముందు నిలబడి చెయ్యి చాపాడు.

"ముందు నాకు పెట్టు."

"నువ్వెందుకురా?"

"తెచ్చింది నేను కదా. ముందు నేను తినాలి." "పెట్టమ్మా. ఆ గుప్పెడు నాకు పెట్టు. నువ్వు తినడం నేను చూడలేను."

మానికమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. కన్నతల్లి కదా, కొడుకు గొంతులో ఏముందో తెలుసుకోవడానికి డాక్టరు అక్కర్లేదు.

"ఏం చేశావురా?" అంది మెల్లగా.

"వదినా, నువ్వు చెప్పేది నిజం," అన్నాడు. తల్లికి చెప్పలేక వదినకు చెబుతున్నాడు. "మిల్లులో పిండి బస్తాలు ఎక్కించుకున్నాక లారీలో జానెడు చోటు మిగిలింది. ఖాళీగా రాకూడదు కదా. పొలం మందుల డిపోలో మన కొట్లకి రావాల్సిన డబ్బాలు సిద్ధంగా ఉన్నాయన్నారు. బస్తాల మీద పరదా కప్పి పైన పేర్చాను. వంతెన గొయ్యిలో బండి ఎత్తేసింది. ఒక డబ్బా మూత ఊడిపోయింది."

"ఇక్కడికొచ్చాక చూశాను. నాలుగు బస్తాలు తడిగా ఉన్నాయి. వాసనొస్తున్నాయి."

"చూసి?"

"గోడౌను వెనక ఎండలో ఆరబెట్టాను. మధ్యాహ్నానికి ఆరిపోయాయి. వాసన పోయింది. వాసన పోతే మందు కూడా పోయిందనుకున్నా."

"పారబోయచ్చు కదరా!" కార్యదర్శి అరిచింది. "నాకు చెప్పచ్చు కదా! ఒక్క మాట!"

అతను అప్పుడు తలెత్తాడు. చూసింది మాత్రం తల్లినే. "పోయినేడు వానకి తడిసిన చక్కెర బస్తా పారబోస్తే, సర్వసభ్య సమావేశంలో నన్ను నిలబెట్టావు గుర్తుందా అమ్మా? అందరి ముందూ చేతులు జోడించమన్నావు. సభ్యుల నోటి దగ్గర తిండి మట్టిలో పోశావన్నావు. నాలుగు బస్తాలమ్మా. నాలుగు బస్తాలు పారబోశానని మళ్లీ ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

ఆమె చెయ్యి పట్టుకుని లాగుతున్న ఆడమనిషి వదిలేసింది. ఎప్పుడు వదిలిందో కార్యదర్శికి తెలియలేదు.

మానికమ్మ గుప్పెట విప్పలేదు. పెట్టెలోకి చూస్తోంది. తెల్లగా, మెత్తగా, సమంగా ఉంది పిండి. ఏ మూలా తడి లేదు, రంగు లేదు, మచ్చ లేదు. నాలుగు బస్తాలూ అందులో ఎక్కడున్నాయో దేవుడికి కూడా తెలియదు.

"ఆ నాలుగూ ఇందులోనే పోశావా?"

"ఇందులోనే."

"తరవాత?"

చెప్పక్కర్లేదు. మంగళవారం పంపకం. ఇక్కడ కలిపిన పిండి పదకొండు కొట్లకూ వెళ్లింది. అక్కడి పాత పిండి మీద పడింది. అక్కడ మిగిలింది తిరిగి వచ్చి ఇందులో కలిసింది. మళ్లీ వెళ్లింది. పెంచుకుంటూ పోయిన దారులే ఇవి. ఒక్కో కొట్టు తెరిచిన రోజూ ఆవిడ మానిక పట్టుకుని వెళ్లిన దారులే.

టీకొట్టు ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. చొక్కా అంచుతో పెదాలు తుడుచుకున్నాడు, పొద్దున ఏం తిన్నాడో గుర్తొచ్చినట్టు. అతని వెనక ఎవరో ఆడమనిషి, "పిల్లలకి పెట్టొచ్చానే, పిల్లలకి పెట్టొచ్చానే," అంటూ పరుగెత్తింది. ఒక్క క్షణంలో వీధి సగం ఖాళీ అయింది.

"చేతులు," అంది కార్యదర్శి. "చేతులు కడుగుదాం అత్తయ్యా. పిండి పెట్టెలోనే విదల్చండి, కింద రాల్చకండి, కోళ్లు తిరుగుతాయి." ఆవిడ గుప్పెటను తన చేత్తోనే విప్పి, పెట్టెలోకి దులిపి, చెంబుతో నీళ్లు పోసి సబ్బుతో వేళ్ల సందులు రుద్దింది. పసిపిల్లకు కడిగినట్టు కడుగుతుంటే ఆవిడ ఎదురు చెప్పలేదు. చిన్నోడు మూత వేసి దానిమీద బరువు పడ్డట్టు రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

అప్పుడు మానికమ్మ అడిగింది, "టైమెంత?"

ఎంతైతేనేం అనబోయి కార్యదర్శి ఆవిడ ముఖం చూసి ఆగిపోయింది. ఇందాకటి దాకా పెట్టె వెనక నిలబడ్డ మనిషి కాదు అది. దవడ కింద చర్మం కొట్టుకుంటోంది.

"పదికి పావుగంట తక్కువ. ఏం?"

"అన్ని కొట్లకీ చెప్పాను," అంది మానికమ్మ. "రాత్రి ఫోన్లు చేసి చెప్పాను. పదింటికి ప్రతి ఊళ్లోనూ పెట్టె వీధిలో పెట్టమని. కొట్టు నడిపేవాళ్లు అందరి ముందూ తినమని. సభ్యుల్లో ఎవరికి నమ్మకముందో వాళ్లు కూడా ఒక్కొక్క చిటికెడు... నీ ఫోను ఎత్తొద్దన్నాను. నీ గొంతు వింటే పిరికిమందు తాగినట్టవుతారన్నాను."

చిన్నోడు లారీ వైపు పరిగెత్తాడు. "రేవుకీ వంతెనకీ నేను పోతా," అన్న మాట ఇంజను చప్పుడులో కలిసిపోయింది. టీకొట్టు ఆయన సైకిలు కుర్రాళ్లను కేకేశాడు. ఇటుకబట్టీలకు పొలాలకడ్డంగా పోతే తొందరగా చేరవచ్చని ఎవరో చెబుతున్నారు. ఇవన్నీ దగ్గరివి. మిగతావి?

"మీ ఫోను," అంది కార్యదర్శి. "నాది ఎత్తరు. మీది ఎత్తుతారు. మీ ఫోనివ్వండి అత్తయ్యా."

మానికమ్మ ఫోను ఇవ్వలేదు. బొడ్డున దోపిన గుడ్డసంచిలోంచి తనే తీసింది. పెట్టె మూత మీద ఎక్కి కూచుంది, ఆ రోజు కూచున్నట్టే. "నువ్వు నొక్కు, నేను మాట్లాడతా. నేను చెప్పిన మాట నేనే వెనక్కి తీసుకోవాలి. ఇంకెవరు తీసుకున్నా వినరు."

మొదటి కొట్టు ఒక్క మోతకే ఎత్తింది. "అమ్మా! అంతా సిద్ధం. జనం విరగబడి వచ్చారు!"

"తినొద్దు. పెట్టె మూసెయ్. ఎవర్నీ తిననివ్వకు."

"అమ్మా, సెక్రటరీ గారు పక్కనుంచి అనిపిస్తున్నారా?"

"నా నోటితో నేనే అంటున్నానురా. మనం పంపిన పిండిలో విషం ఉంది. నా కొడుకే తెచ్చాడు. నేనే కలిపాను. నా మానిక మీద ఒట్టు, మూసెయ్."

ఆ ఒట్టు ఆవిడ ఎప్పుడూ వెయ్యలేదు. అవతలివాడు మూత వేసిన చప్పుడు వినబడింది. తరవాత ఫోను పెట్టేశాడు.

రెండోది. మూడోది. ప్రతి ఊరికీ అవే మాటలు. ఒకచోట నమ్మలేదు. "మీరే కదా నిన్న గుండె ధైర్యం చెప్పారు, పొద్దునకల్లా ఇలా అయిపోయారేంటమ్మా," అని ఎదురు దెప్పారు. ఆవిడ తల వంచుకుని, "నేను తప్పు చెప్పాను నాయనా, ముసలిదాన్ని, తప్పు చెప్పాను," అని బతిమాలింది. షావుకారు ముందు కూడా వంగని మెడ అది. కార్యదర్శి నంబర్లు నొక్కుతూ, కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ నొక్కుతూ ఉంది. చిన్నచిన్నగా ఆశ పుడుతోంది. ఎక్కడా ఇంకా తినలేదు. పది కాలేదు. అందుకుంటాం. అందుకుంటామేమో.

గుట్టమీది కొట్టు చివరన పెట్టింది. కావాలనే పెట్టింది. కన్నకూతురని ముందు పెడితే మిగతా ఊళ్లకు అన్యాయం చేసినట్టవుతుందని. పైగా అది దూరం, అక్కడ ఏ పనీ టైముకి కాదు. సంత ఉంటే తప్ప జనం పోగవరు.

మోగింది. ఇంకోసారి మోగింది. తీశారు.

"నానమ్మా!" కూతురి గొంతు. వెనక జనం సందడి, చప్పట్లు. "నీకే చేద్దామనుకుంటున్నా. మేమే ఫస్టు!"

మానికమ్మ నోరు తెరిచేలోపే కార్యదర్శి ఫోను లాక్కుంది. "అమ్మలూ, నేను. ఆపు. తినకండి, ఎవరూ తినకండి."

"అమ్మా? నువ్వా?" పిల్ల నవ్వింది. "నువ్వింకా భయపడుతున్నావా? అయిపోయిందమ్మా. తొమ్మిదిన్నర బస్సుకి సగం మంది వెళ్లిపోవాలన్నారు, అందుకని ముందే కానిచ్చేశాం. నేను నానమ్మలాగే గుప్పెడు తిన్నా. బస్సెక్కేవాళ్లంతా తలా చిటికెడు నోట్లో వేసుకున్నారు, డ్రైవరు కూడా. నువ్వు చూడాల్సిందమ్మా."

"బస్సు ఎక్కడుంది?"

"వెళ్లిపోయింది. ఘాట్ రోడ్డు దిగుతూ ఉంటుంది." కూతురు గొంతు సవరించుకుంది. ఉమ్మి మింగిన చప్పుడైంది. మళ్లీ మింగింది. "అమ్మా, అదేంటో నోట్లో నీళ్లు ఆగట్లేదు."